బోటు దిగని పాట

విజయవాడ క్యాసెట్ల కంపెనీ నన్ను ఒక్క ఫోను మాటతో వదిలించుకుంది. "సీడీలొచ్చేశాయమ్మా, ప్రైవేటు పాటలు ఎవరూ కొనడం లేదు" అన్నాడు మేనేజరు. నాది ఒక్కటే ఆల్బమ్. అట్ట మీద బీచ్ రోడ్డులో జుట్టు విరబోసుకుని నవ్వుతున్న పిల్లని నేనే. రాసిందీ, బాణీ కట్టిందీ, పాడిందీ నేనే. "పోనీ అసలు టేపైనా ఇప్పించండి, నేనే క్యాసెట్లు వేసుకుంటాను" అన్నాను. దాని మీద ఎప్పుడో అయ్యప్ప భజనలు ఎక్కించేశారట. స్వామి మీద కోపం తెచ్చుకోలేక మేనేజరునే నాలుగు తిట్టి ఫోను పెట్టేశాను. ఎస్టీడీ బూత్ నుంచి కంచరపాలెంలో మా ఇంటికి నడిచి వెళ్తూ దారంతా ఏడ్చాను.

ఆ తరవాత సొంతంగా బతికాను. సొంతంగా అంటే పెళ్ళిళ్ళలో పాడటం. స్టీలుప్లాంటు టౌన్‌షిప్పులో రిసెప్షను, ఎలమంచిలిలో పెళ్ళి, ఎక్కడికి పిలిస్తే అక్కడికి. అన్నీ సినిమా పాటలే. మధ్యలో నా పాట మొదలుపెడితే చాలు, జనం భోజనాలకి లేచిపోయేవారు. నా దగ్గర మిగిలిన ఒక్క క్యాసెట్టూ వచ్చినవాళ్ళకల్లా వినిపించి వినిపించి తెగిపోయింది. ఇంకోటి కోసం తగరపువలస దాకా కొట్లన్నీ వెతికాను. నా పాట నాకే లేకుండా పోయింది.

ఓ ఉదయం ఫిషింగ్ హార్బరులో కోనాం చేప బేరమాడుతుంటే నా గొంతు వినిపించింది, జెట్టీకి కట్టిన బోటులోంచి. చేప అక్కడే వదిలేసి పరుగెత్తాను.

"అన్నయ్యా, అది నేను పాడిందే. ఆ క్యాసెట్టు నాకిచ్చెయ్" అన్నాను బోటు డ్రైవరుతో. ఇప్పుడేం పాడుతున్నావని అడిగితే అదీ చెప్పాను.

"నాను ఇవ్వనేనమ్మా. ఈ పాట ఏసుకుని బయల్దేరిన రోజే బోటు నిండా రొయ్యలు పడ్డాయి. అప్పట్నుంచి ఇది ఎయ్యకుండా జెట్టీ వదల్లేదు. ఈ క్యాసెట్టు బోటు దిగితే మాకు అచ్చిరాదు."

"పోనీ నేనే ఎక్కి రికార్డు చేసుకుంటాను."

"ఆడోలు ఏటబోటు ఎక్కకూడదు కదమ్మా."

ఒళ్ళు మండింది. కానీ నా పాటని ఇంత భద్రంగా చూసుకున్నవాళ్ళు ఇంకెవరున్నారనిపించింది. ఇంటికెళ్ళి నా టేపురికార్డరూ, ఖాళీ క్యాసెట్టూ తెచ్చి అతని చేతిలో పెట్టాను. మర్నాడు బోటు బయల్దేరేటప్పుడు రికార్డు చేసి, వేట నుంచి తిరిగొచ్చాక ఇచ్చాడు.

ఇంట్లో కూర్చుని విన్నాను. ఇంజను మోత, దాని వెనక అరిగిన టేపులో నా చిన్నప్పటి గొంతు. పల్లవి తిరిగి రాగానే తాళ్ళు చుడుతున్నవాళ్ళంతా అందుకున్నారు. ఒక్క మాట తప్పలేదు. జనం ఇలా గొంతు కలుపుతారని పెళ్ళిపందిళ్ళలో ఎన్నేళ్ళు ఎదురుచూశానో. సంతోషంతో ఏడుపొచ్చింది. పాటయ్యాక ఎవరో అడిగారు: "ఇది పాడినావిడ ఇప్పుడేటి పాడతంది బావా?"

"నిన్న జెట్టీ కాడ కనబడ్డాది" అంది డ్రైవరు గొంతు. "పాపం, పెళ్ళిళ్ళలో ఏరేవోలి పాటలు పాడుకుంతందట."

ఆ సాయంత్రం అనకాపల్లిలో పెళ్ళి ఉంది. ముఖం కడుక్కుని వెళ్ళాను. వాళ్ళడిగిన పాటలన్నీ పాడాను.