మూడు ముక్కలైన పెట్రోలు పైపు

ఆ రోజుల్లో పులికాట్ సరస్సు చుట్టుపక్కల నన్ను మించిన మెకానిక్కు లేడని ఒక నమ్మకం ఉండేది. ఆ నమ్మకం నా ఒక్కడికే ఉండేదనుకోండి. ఐటీఐ పాసై మూడు నెలలు కూడా కాలేదు. సరస్సు మధ్య దీవిలో ఉండే మా మేనమామ తన చేపల పడవకు వెనక తగిలించే చిన్న మోటారును నా చేతుల్లో పెట్టాడు. ట్యాంకు నుంచి మోటారుకు పోయే పెట్రోలు పైపునైతే పసిబిడ్డలా సాకాను. వారానికోసారి విప్పి ఊదేవాణ్ణి, ఎక్కడైనా బీటలిచ్చిందేమోనని వంచి చూసేవాణ్ణి, పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బును నొక్కి నొక్కి మురిసిపోయేవాణ్ణి. (కాళ్లు లాగుతున్నాయిరా అని మా అమ్మ మొత్తుకుంటే మాత్రం ఒక్కనాడూ నొక్కిన పాపాన పోలేదు.)

ఆయుధపూజ నాడు మోటారును కడిగి తుడిచి, పసుపు ముద్ద కలిపి ట్యాంకు మూత మీద దట్టంగా మెత్తి, నడుమ రూపాయంత కుంకుమ బొట్టు పెట్టాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మర్నాడు పొద్దున్నే మామ పడవ దగ్గరికి వస్తూ జారిపడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. అత్త పండక్కి పుట్టింటికి పోయి ఉంది. పొరుగువాళ్లు ఇద్దరు మామను మోసుకొచ్చి పడవలో పడుకోబెట్టారు.

"ఎముకకు పుత్తూరు కట్టు కట్టించను తీసకపోవాల. మేమూ వస్తామప్పా" అన్నారు.

"బరువెక్కువైతే మోటారు లాగదు. నేనుండా కదా!" అన్నాను.

సగం దారిలో మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బల్బు నొక్కితే లోపలికి పీక్కుపోయి మళ్లీ ఉబ్బలేదు. ఇంకేముంది, పైపు పూడుకుపోయిందని తేల్చేశాను. కత్తి తీసి ఒకచోట కోసి ఊదాను, బాగానే ఉంది. ఇంకోచోట కోశాను, అదీ బాగానే ఉంది. నాకు నోటినిండా పెట్రోలు మిగిలింది.

"ఏమిరా, యాడుండాది లోపం?" పళ్లు బిగబట్టి అడిగాడు మామ.

"సూస్తాండా మామా."

"బల్బు పీక్కపోయినాదా? ట్యాంకు మూతకు గాలి బెజ్జం ఉంటాది, ముందు అది సూడు."

చూశాను. ట్యాంకులోకి గాలి పోతేనే పెట్రోలు బయటికొస్తుంది. ఆ గాలి పోవాల్సిన సన్నటి బెజ్జం సరిగ్గా నా కుంకుమ బొట్టు కింద ఉంది. గోటితో గీకితే ఎండిన పసుపు పెచ్చుగా లేచింది.

"ఇంగేం, మోటారు తాడు లాగు" అన్నాడు మామ.

"పైపు మూడు ముక్కలైనాది మామా. అతికించే క్లిప్పులు ఇంట్లో ఉండాయి."

మామ కళ్లు మూసుకున్నాడు.

పండగ మర్నాడు కదా, నీళ్ల మీద మరో పడవ లేదు. సెల్లుకు సిగ్నలు లేదు. బరువని గెడ కూడా దీవిలోనే వదిలేసి వచ్చాను. అక్కడ నీళ్లు నడుము లోతే. దిగి, బురదలో కూరుకుపోతూ పడవను నెట్టాను. పడవ అడుగు బురదకు తగిలినప్పుడల్లా మామ "అమ్మా" అని అరిచేవాడు. నేను వెక్కి వెక్కి ఏడుస్తూ నెట్టాను.

"ఏడ్సేది నేను ఏడుస్తాలేరా, నువ్వు నెట్టు" అన్నాడు.

ఒడ్డు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ కుదుపులకు ఎముక పక్కకు తొలిగిందని పుత్తూరులో కట్టు కట్టిన పెద్దాయన చెప్పాడు. కాలు అతికింది గానీ కురచైపోయింది. మామ మళ్లీ వలకు పోలేదు, పడవ అమ్మేశాడు. అడిగినవాళ్లందరికీ "మోటారు పాతదప్పా, పిల్లోడేం జేస్తాడు పాపం" అని చెప్పాడు. నేను పక్కనే నిలబడి తలూపాను. (అవును, సిగ్గు లేకుండా ఊపాను.)

నాలుగేళ్లకు, ఒడ్డున మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాక, ధైర్యం చేసి అడిగాను.

"మామా, తప్పంతా నాదేనని ఎవురికీ ఎందుకు చెప్పలా?"

"చెప్పుంటే నీ చేతికి మోటారిచ్చేవాడు ఈ నీళ్ల మీద ఒకడుంటాడంట్రా? నా కాలు ఎట్లాగూ పోయినాది. నీ బతుకు కూడా పోవాల్నా?"

ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఇరవయ్యేళ్ల ఆ మేధావిని తలుచుకుంటే నవ్వొస్తుంది. సాయంత్రం మామ కుంటుకుంటూ కొట్టుకు వచ్చి ఎదురుగా కూర్చుంటే మాత్రం నవ్వడం మానేసి, ముందున్న మోటారు ట్యాంకు మూత బెజ్జం గీకి చూసుకుంటాను.