మేడమ్ సవరించుకున్న పాఠం

పోయిన మంగళవారం పొద్దున, బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతుల్లోకి పోతుండగా, ధర్మవరం నుంచి మేడమ్ చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయిందమ్మా" అని, ఇంకేమీ చెప్పలేక పెట్టేసింది. ఐదేళ్లుగా ఆ ఫోన్ గురించి భయపడుతూనే ఉన్నాను. ధర్మవరం నంబరు కనిపిస్తే చాలు, వెంటనే ఎత్తేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం ఏ అనుమానమూ లేకుండా ఎత్తాను.

తొంభైల్లో హిందూపురంలో బీఎస్సీ చదివేటప్పుడు మేడమ్ మాకు జువాలజీ చెప్పారు. రోజూ ధర్మవరం నుంచి రైల్లో వచ్చేవారు. క్లాసులోకి రాగానే కిటికీలన్నీ తానే తెరిచేవారు. సుద్దముక్క అరిగి గోరు బోర్డుకు తగిలేదాకా పారేసేవారు కాదు. తెలియనిది అడిగితే "నాకు తెలీదు, చూసి చెప్తా" అని నోటుబుక్కులో రాసుకునేవారు. వారం తర్వాతైనా సరే, గుర్తుపెట్టుకుని చెప్పేవారు.

కణాలు ఒకదానికొకటి ఎలా అతుక్కుని ఉంటాయో చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. బోర్డు మీద గోడకట్టులా కణాలు గీసి, వాటి మధ్య చిన్న చిన్న గీతలు పెట్టారు. కణం పైపొరలో కొన్ని ప్రోటీన్లుంటాయని, అవి పక్క కణంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయని, అందుకే చర్మమైనా పేగులైనా పాలగ్రంథులైనా విడిపోకుండా ఉంటాయని చెప్పారు. ఉదాహరణకు రొమ్ము క్యాన్సర్‌ను తీసుకున్నారు. ఆ మాటకు వెనక బెంచీలో ఎవరో నవ్వారు. మేడమ్ కోప్పడలేదు. నవ్వు ఆగేదాకా నిలబడి, ఈ-క్యాడ్‌హెరిన్ అని పెద్ద అక్షరాలతో రాశారు.

"ఇది ఉన్నంత కాలం కణం ఉన్న చోటే ఉంటాది. ఇది పోయిందనుకో, యాడికైనా పోతాది" అన్నారు. పరీక్షలో వస్తుందని రాసుకున్నాను.

పెళ్లయి పెనుకొండలో కాపురం పెట్టాక నాకు హిందూపురం బడిలో ఉద్యోగం వచ్చింది. మేడమ్ వచ్చే రైలే పెనుకొండలో ఎక్కేదాన్ని. ఐదేళ్ల కిందట ఒక రోజు ఆమె కిటికీ వైపు తిరిగి, ఇంకెవరికీ వినపడకుండా నాకు చెప్పారు. ఎడమ రొమ్ములో ఒక చోట మందంగా అనిపిస్తోందట. ఏడాదిగా ఉందట. గడ్డ తగలలేదు కాబట్టి ఏమీ లేదులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నారట. తర్వాత బెంగళూరులో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు దాన్ని రైల్లో నా ఒళ్లో పెట్టారు. క్యాన్సరే. ఈ-క్యాడ్‌హెరిన్ లేదని కూడా రాసి ఉంది. ఆ ప్రోటీన్ లేని కణాలు ఒకచోట గుంపుకట్టవని, ఒకదాని వెనక ఒకటి వరసగా పాకుతాయని, అందుకే చేతికి గడ్డ తగల్లేదని ఆమె నాకు వివరిస్తుంటే నేను ఆ కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఇన్నేళ్లు పాఠం చెప్పినా. నా ఒంట్లో ఉంటే తెలుసుకోలేకపోయినా" అన్నారు.

అప్పటికి రెండు నెలలుగా నేనూ ఒక సంగతి దాస్తున్నాను. పరిగి దగ్గర పల్లెలో ఉండే మా అమ్మకు చంక పక్కన సీతాఫలం గింజంత గడ్డ ఉంది. నాయనకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. పగలంతా పాఠాలు చెబుతున్నా మనసు ఆ గింజ మీదే ఉండేది. ఇంకా పెరిగిందేమో అడగాలంటే భయం, అడగకుండా ఉండలేకపోవడం. ఆ రోజు రైల్లో మేడమ్‌కు చెప్పేశాను. ఆమె తిట్టలేదు. హిందూపురంలో దిగి, కాలేజీకి పోకుండా, నాతో పాటు పరిగి బస్సెక్కారు.

అమ్మ పట్టుపురుగులకు ఆకు వేస్తోంది. ఆసుపత్రికి రమ్మంటే, పురుగులు గూళ్లు కట్టబోయే సమయం, ఇప్పుడెలా వచ్చేదని అంది.

"ఆకు మీ ఇంటాయన ఏస్తాడు. నేను ఏడాది ఊరకుండి ఇట్లయినా. నువ్వు చీర మార్చుకోని రామ్మా" అన్నారు మేడమ్. అమ్మ ఆమె ముఖం చూసి, చేతులు కడుక్కుని లోపలికి పోయింది.

అమ్మ రిపోర్టు కోసం పది రోజులు ఎదురుచూశాం. చివరికి క్యాన్సరేనని వచ్చింది. కానీ ఈ-క్యాడ్‌హెరిన్ ఉందని రాశారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ధర్మవరం పరిగెత్తాను. మేడమ్‌కు మందులు ఎక్కిస్తున్న రోజులవి, తలకు తువ్వాలు చుట్టుకుని మంచం మీద కూర్చున్నారు. ఆ ప్రోటీన్ ఉంది కదా, ఇక ఎక్కడికీ పాకదు కదా అని ఆశగా అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

"నేను మీకు సగం పాఠమే చెప్పినా. అది ఉండాదని ధీమాగా ఉండొద్దు. ఒకదాన్నొకటి పట్టుకోని గుంపుగా కూడా పోతాయి. మందులు ఒక్కసారి కూడా మానిపియ్యొద్దు."

నా సంతోషం అక్కడే చల్లారింది. కోపం కూడా వచ్చింది. కానీ నాలుగో విడత మందుల తర్వాత అమ్మ ఇక చాలు, నన్ను వదిలెయ్యమని ఏడ్చినప్పుడు నన్ను గట్టిగా నిలబెట్టింది ఆ మాటే. అమ్మ ఇవాళ ఉంది. ఆర్నెల్లకోసారి పరీక్షకు తీసుకుపోతున్నాను.

మేడమ్‌కు ఎముకలకు పాకింది, తర్వాత కడుపులోకి. మెట్లెక్కలేని దాకా కాలేజీకి వచ్చారు. ఆ పాఠాన్ని మార్చి, విడిపోయి వరసగా పాకే కణాలు, పట్టుకుని గుంపుగా పోయే కణాలు అని రెండు బొమ్మలు గీసి చెప్పేవారట. రైల్లో ఆడవాళ్ల పెట్టెలో కూరగాయల గంపలతో ఎక్కేవాళ్లకు కూడా, గడ్డ లేకపోయినా ఏదైనా మారిందనిపిస్తే డాక్టరు దగ్గరికి పోవాలని చెప్పేవారు. కొందరు సిగ్గుపడి ముఖం తిప్పుకునేవారు. ఆమె మాత్రం మానలేదు.

బుధవారం ధర్మవరం పోయాను. జనం ఇంకా వస్తూనే ఉన్నారు. పక్క సందులో మగ్గం నేసే ఒకామె నన్ను పెరట్లోకి పిలిచింది. మేడమ్ దగ్గర చదివింది నువ్వేనా అని అడిగింది. అవునన్నాను. నా చెయ్యి తీసుకుని తన రవిక మీద పెట్టుకుంది.

"ఆయమ్మకు చెప్పల్లనుకుంటి, అంతలోనే ఇట్లాయ. గడ్డేం కాదులేమ్మా. ఊరికే మందంగా ఉండాది."

నేను డాక్టర్ని కాదు. రేపు పొద్దున వచ్చి నిన్ను బెంగళూరు తీసుకుపోతానని మాత్రం చెప్పాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. రెప్ప వేయకుండా నా ముఖంలోకే చూస్తోంది. నా అరచేతి కింద ఆమె గుండె దబదబా కొట్టుకుంటోంది.