రాని సీటుకు చెప్పిన స్తోత్రం

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నిన్న మా అక్క మనవరాలు ఫోనులో సీట్ల జాబితా చూసి, తన పేరు లేదని తెలిసిన మరుక్షణమే ఇల్లంతా వినబడేలా చెప్పేసింది గాని, ఎనభైల్లో బహ్రెయిన్‌లో మా బడి పదకొండో తరగతి సైన్సు జాబితాలో నా పేరు లేదని మా నాన్న కంటే రెండు రోజుల ముందే తెలిసినా నేను నోరు విప్పలేదు.

మార్కులు చూసి ఏరుకునే బడి అది. అక్కడ సీటు రాకపోతే నన్ను గుంటూరులో హాస్టలుకు పంపాలని ఇంట్లో ముందే అనుకున్నారు. అమ్మానాన్నలను వదిలి ఉండటం నా వల్ల కాదనిపించేది. అందుకే గురువారం నోటీసు బోర్డు చూసొచ్చి, డైరీలో రాసుకుని ఊరుకున్నాను.

మరునాడు శుక్రవారం మా తెలుగు క్రైస్తవ సహవాసంలో సాక్ష్యాలు చెప్పే వేళకు, మీనా సల్మాన్ రేవు గోదాములో గుమాస్తాగా చేసే నాన్న, ఇంకా చేతికి రాని మేలుకు ముందే స్తోత్రం చెల్లించడం విశ్వాసమని నమ్మే మనిషి, లేచి నిలబడి అమ్మాయికి సీటిచ్చిన దేవునికి వందనాలు అనేశారు. అందరూ నా వైపు తిరిగి నవ్వారు. అమ్మ రవ్వలడ్డూలు పంచింది. నేనూ ఒకటి తిన్నాను.

శనివారం బడికి వెళ్లొచ్చిన నాన్న ఆ పూట అన్నం తినలేదు. వారమంతా నాకు హాస్టలు కంటే, ఆయన మళ్లీ ఆ నలుగురి ముందుకు ఎలా వెళ్తారన్న దిగులే ఎక్కువైంది. వెళ్లారు. పోయినవారం తొందరపడ్డానని, సీటు రాలేదని, అయినా చెప్పిన స్తోత్రం వెనక్కి తీసుకోనని చెప్పి కూర్చున్నారు.

అప్పుడు తుబ్లీలో ఉండే ఒక ఆంటీ, పెళ్లికి ముందు కాలేజీలో చరిత్ర చెప్పినావిడ, వెనక వరసలోంచి, “ఆ జాబితా కూడా మీరే వేసేస్తే పోయేదిగా అన్నయ్యగారూ!” అనేసరికి నాన్నతో సహా అందరూ నవ్వేశారు. టీల దగ్గర ఆవిడే మళ్లీ, “హాస్టలూ గీస్టలూ ఎందుకండీ, పిల్లని నా దగ్గరికి పంపండి, ప్రైవేటుగా ఇంటర్ కట్టిద్దాం. సైన్సు మాత్రం నాకు రాదు” అంది. సైన్సు లేకపోతే ఎలా అని నాన్న నసిగితే, “దాన్ని అడిగారా ఎప్పుడైనా?” అంది. చరిత్రే చదువుతానన్నాను, అక్కడ చాలామంది నా గొంతు వినడం అదే మొదటిసారి.

అప్పటినుంచి ఏడాదిన్నర, నాన్న డ్యూటీకి వెళ్తూ నన్ను వాళ్లింటి దగ్గర దింపేవారు. భోజనాల బల్లకు ఆ చివర ఆవిడ బెండకాయలు తరుగుతూ పాఠం చెబుతుంటే, ఈ చివర నేను రాసుకునేదాన్ని. పరీక్షలకు మూణ్నెల్ల ముందు అంకుల్‌కు కంపెనీలో పని ఖలాస్ అయి వాళ్లు వెళ్లిపోయారు. నేను అమ్మతో ఊరెళ్లి పరీక్షలు రాసి, పాసై, మళ్లీ మా ఇంటికే వచ్చాను.

ఇప్పుడు ఒక బడి కాదంటే ఫోనులోనే పది దారులు కనబడుతున్నాయి, మంచిదే. తమ భోజనాల బల్లలో సగం ఎవరి పిల్లకో వదిలిపెట్టే మనుషులు మాత్రం తగ్గారనిపిస్తుంది. ఆంటీ వాళ్లు బయల్దేరే రోజు, పాఠాలు సగంలో ఆగిపోయాయని గుమ్మంలో నేను కళ్లు తుడుచుకుంటుంటే, పెట్టెకు తాడు బిగిస్తూ తలెత్తకుండానే ఒక మాట అంది ఆవిడ. ఆ తర్వాత మేం కలుసుకోలేదు.

“నీకు నేను చెప్పక్కర్లేదని ఆర్నెల్ల కిందటే తెలుసే పిల్లా. నువ్వొస్తుంటే బాగుందని ఊరుకున్నా.”