ఏడు సినిమాల్లో చచ్చిన మామ

నిన్న మధ్యాహ్నం మనవరాలు టీవీలో ఛానళ్లు మారుస్తుంటే నలుపు తెలుపుల్లో గుర్రాలు పరుగెత్తాయి. మనుషుల తలలకు వెడల్పు టోపీలు, కాళ్లకు తోలు బూట్లు, ముఖాలకు రుమాళ్లు. "మార్చకు, ఆగు" అని అరిచినంత పని చేశాను. ఆ పిల్ల నన్ను అనుమానంగా చూసింది. అలా చూడడం మా వంశంలో అందరికీ పుట్టుకతోనే వస్తుంది కనుక నేనేమీ అనుకోలేదు.

మా మేనత్త మొగుడు అలాంటి సినిమాల్లో గుర్రమెక్కేవాడు. కోస్గి దగ్గరి మా ఊళ్లో ఆ మాట నమ్మినవాళ్లు లేరు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, తట్టు గుర్రం మీద గొంగళ్లు వేసుకుని సంతలు తిరిగిన మనిషి, పెళ్లయిన ఏడాదికే గుర్రాల బేరగాడి వెంట పోయి మాయమయ్యాడు. మూడేళ్లకు ఒక కాలు ఈడ్చుకుంటూ, బిగుతు ప్యాంటుతో, టకటకలాడే బూట్లతో దిగాడు. మద్రాసులో సినిమాలు తీసేవాళ్లకు గుర్రం మీంచి పడే మనుషులు కావలసి వచ్చారట, ఈయన బాగా పడేవాడట. "ఏడు సిన్మాలల్ల సచ్చిన బావా. ఒకదాంట్లయితే రెండుసార్లు సచ్చిన, టోపీ మార్చి మల్ల పంపిన్రు" అని మా బాపుతో గర్వంగా చెప్పుకున్నాడు.

బాపు చుట్ట పక్కన పెట్టి, "కిందవడ్డందుకు పైసలిచ్చెటోడు ఏ ఊర్ల ఉన్నడు బావా? జర చెప్తె మేం గూడ పోతం" అన్నాడు. ఊరు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆ కుంటు పోలీసు దెబ్బల వల్లేనని ఒకరు, మద్రాసులో ఇంకో సంసారం ఉందని ఒకరు. ఆయన వాకిట్లోకి వస్తే పక్కింటివాళ్లు ఆరేసిన చీరలు లోపలికి తీసుకుపోయేవారు. నేనూ తక్కువ తినలేదు. ఆయన స్నానానికి పోయినప్పుడు బూట్లలో చెయ్యి పెట్టి వెతికితే గడ్డిపరక ఒకటి దొరికింది. ఆ మూడేళ్లూ మా ఇంట్లోనే ఉన్న అత్త మాత్రం బట్టలు మూటగట్టుకుని ఆయన వెంట పోవడానికి సిద్ధంగా ఉంది. బాపు పంపనన్నాడు. పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేయించి, కల్వకుర్తిలో రెండో సంబంధం చేస్తానన్నాడు. అత్త మూడు రోజులు అన్నం ముట్టలేదు.

అంతలో కోస్గి డేరా టాకీసుకు ఆయన రెండుసార్లు చచ్చిన సినిమా వచ్చింది. పెద్దమనుషులకు పని తేలికయింది. తెరమీద కనబడితే అత్త ఆయనతో పోతుంది, కనబడకపోతే లేదు. రెండు బండ్లు కట్టుకుని మొదటి ఆటకు పోయాం. నేలమీద మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లం ఒక పక్క. గుర్రాలు వచ్చాయి, దుమ్ము లేచింది, దొంగలందరికీ కళ్ల కిందిదాకా రుమాళ్లే. మామ లేచి "అగో, నేనే" అని వేలు చూపించేలోగానే తెరమీద చచ్చిపోయాడు. "మూతే కనిపిస్తలేదు, ఎవడైతే ఏంది?" అని ఒక పెద్దమనిషి నవ్వాడు. మిగతావాళ్లూ అందుకున్నారు, ఆ నవ్వులు చాలాసేపు ఆగలేదు.

అప్పుడు అత్త వంగి అవ్వ చెవిలో ఏదో అంది. అవ్వ అంటే మా బాపు తల్లి, అత్తకూ తల్లే. తన బర్రె పాలనైనా వేలు ముంచి చూడకుండా తాగని మనిషి. ఆమె లేచి నిలబడింది. "నవ్వుడు బందు చెయ్యిండ్రి! గా బండ మీద తుపాకి సంకల వెట్టుకొని ఒంటికాలి మీద నిలవడ్డోడు నా అల్లుడు గాదా? గొర్లు కాసినోడు గాక ఇంకెవడు నిలవడ్తడు గట్ల?" అంది. మా వైపు కాపరులు కర్ర మీద వాలి, ఒక పాదం రెండో మోకాలికి ఆనించి గంటలకొద్దీ నిలబడతారు. పెద్దమనుషులు తలలు తిప్పేసరికి తెరమీద వేరే బొమ్మ. నేనూ బటానీల పొట్లంలో తల పెట్టి ఉన్నాను. అయినా అవ్వ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది? మర్నాడే అత్త వెళ్లిపోయింది. నలభై ఏళ్లు కాపురం చేసింది. మామ మళ్లీ గుర్రమెక్కలేదు, గొర్ల వెంటే పోయాడు.

నాకు మాత్రం ఒక అనుమానం మిగిలింది. అవ్వ కళ్లకు అప్పటికే పొరలు కమ్మాయి. సూదిలో దారం నేనే ఎక్కించేదాన్ని. చాప చివర కూర్చున్నది ఎవరో గొంతు విని పోల్చుకునేది. బండ మీది మనిషి కాలు ఆమెకెలా కనబడింది? తల్లీకూతుళ్లు కలిసి ఊరి కళ్లలో దుమ్ము కొట్టారని యాభై ఏళ్లకు పైగా నమ్మాను.

నిన్న టీవీలో వచ్చింది ఆ సినిమాయే, అందులో ఆ బండ వచ్చింది. ఐదుగురు దొంగలు. నలుగురు రెండు కాళ్ల మీద నిలబడ్డారు. ఐదోవాడు తుపాకి సంకలో పెట్టుకుని, పాదం మోకాలికి ఆనించి, ఎదురుగా గొర్లు మేస్తున్నట్టు తీరిగ్గా చూస్తున్నాడు. చూసింది అత్త. మొగుణ్ని తానే గుర్తుపట్టానంటే ఎవరూ ఒప్పుకోరని తెలిసి అవ్వ నోట పలికించింది. కనబడని దాన్ని బిడ్డ మాట మీద నమ్మి, అంత అనుమానపు మనిషీ నలుగురిలో లేచి నిలబడింది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. "ఎవరు అమ్మమ్మా ఆయన?" అని మనవరాలు అడిగింది. "మా మామ" అన్నాను. అవ్వ పోయింది, బాపు పోయాడు, మామా అత్తా ఒకరి వెనుక ఒకరు పోయారు. ఇంతమందిని వెంటబెట్టుకుపోయిన కాలం, ఆ బండ మీది పాదాన్ని మాత్రం ఇంకా కింద పెట్టించలేకపోయింది.