జడ్జి పెట్టిన ముద్ద

మధ్యాహ్నం బెంచి దిగి నా చాంబర్‌లో టిఫిన్ డబ్బా మూత తీశాను. పచ్చిపులుసు వాసనకు, బతుకుతెరువుకని గుజరాత్ పోయి బమ్రోలిలో మేమున్న ఒంటిగది గుర్తొచ్చింది.

బట్ట నేసే సాంచెల కార్ఖానాలో బాపు కుడిచెయ్యి నలిగిపోయింది. అన్నం అమ్మే కలిపి ముద్దలు పెట్టేది. నష్టపరిహారం కేసుకని పొద్దున పోయిన బాపు సాయంత్రం వచ్చి గోడకు ఒరిగి కూర్చునేవాడు.

"ఏమాయె?" అనేది అమ్మ.

"ఏముంది, జడ్జి మల్ల ముదత్ ఇచ్చిండు."

వాయిదాను గుజరాతీలో ముదత్ అంటారని నాకు తెలియదు. చెయ్యి పనిచెయ్యని మనిషికి జడ్జి ముద్ద పెట్టి పంపిస్తున్నాడనుకున్నాను.

"బాపు ఆడ తినే వచ్చిండు గదనే, మల్ల పెడుతున్నవేంది?" అని ఒకరోజు అమ్మనడిగాను.

బాపు నవ్వలేదు. "ఆయన ముద్దతోని కడుపు నిండదు బిడ్డా" అన్నాడు.

ఆ జడ్జిని చిన్నప్పుడు మంచివాడనుకున్నాను. పెద్దయ్యాక చెడ్డవాడనుకున్నాను. ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. సాక్షి రాలేదని, వకీలు రాలేదని పొద్దుటి నుంచీ ముదత్‌లే ఇచ్చాను. ఆయనా ఇలాగే అలసిపోయి డబ్బా ముందు కూర్చునేవాడేమో.

కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.