గొర్రెకు తగిలితే రెండు

మా జట్టులో ఒక ఆనవాయితీ ఉంది. సీజన్ ముగిశాక టీకొట్టు దగ్గర ఒక్కొక్కరూ లేచి, ఏడాదంతా తామెలా ఆడామో తామే చెప్పుకోవాలి. కోతలు కోస్తే మిగతావాళ్లు ఆపుతారు. నలభై ఏళ్లు దాటాక కూడా పరుగులు చేశానన్న ధీమాతో ఆసారి నేను దర్జాగా లేచాను. కురబలకోటలోని మా మైదానంలో ప్రతి ఆదివారం రాణించాను. పుంగనూరులో మాత్రం సున్నా, కుప్పంలోనూ సున్నా.

"ఆ పిచ్‌లు మనకు అలవాటు లేవు. లేకుంటే నా లెగ్‌సైడు షాట్‌కు తిరుగుండేదా?" అన్నాను.

జట్టులో ఎవరూ ఆపలేదు. మా మైదానం యజమాని ఆపాడు. ఆ బీడు ఆయనదే. ఆయన గొర్రెలు ఎప్పుడూ లెగ్‌సైడే మేస్తాయి. వాటిని తోలెయ్యమనలేక మేమే ఒక రూలు పెట్టుకున్నాం: టెన్నిస్ బంతి గొర్రెకు తగిలితే పరిగెత్తకుండానే రెండు పరుగులు.

"పిచ్‌ను యాల తిడతావప్పా?" అన్నాడాయన టీ ఊదుకుంటూ. "ఆడ గొర్రెలు ల్యావు గదా!"

అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఈయనకేం తెలుసు క్రికెట్ అని గొణుక్కుంటూ ఇంటికొచ్చాను.

కొత్త సీజన్ మొదటి ఆదివారం బ్యాటు పట్టుకుని క్రీజులో నిలబడ్డాను. ఫీల్డర్లు ఎక్కడున్నారో చూసుకోకముందే నా కళ్లు మంద కోసం వెతికాయి.

ఆ గొర్రెల పెద్దమనిషి అప్పటికే దాన్ని ఆఫ్‌సైడుకు తోలేశాడు.