కపిల తోలుతో నడిచిన కారు

తెల్లోళ్ల కాలంలో నేను మార్కాపురంలో పలకల షావుకారు దగ్గర కారు డ్రైవర్ని. రాచర్ల పక్క పల్లెలో నాకు పిల్లను చూసినారు. పెండ్లిచూపులకు నడిచిపోతే ఏం బాగుంటుందని షావుకారును బతిమాలి కారు తీసుకున్నా. కారు గురించి నాకు తెలియనిది లేదని అంతకుముందే పిల్లవాళ్లకు కబురు కూడా పంపి ఉన్నా. నోరు ఊరుకుంటదా!

పల్లె ఇంకా రెండు చేల దూరం ఉందనంగా కారు దగ్గి దగ్గి నిలబడిపోయింది. ఊరంతా వచ్చేసింది. దిష్టి తగిలిందని ఒక అవ్వ తేల్చేసింది. పాస్టరయ్య అందరినీ తలలు వంచమని, ఇంజను మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టినాడు. చెయ్యి చురుక్కుమనేసరికి ఆమెన్ తొందరగా వచ్చింది.

నేను ప్లగ్గులు తుడిచి చూసినా. నిప్పురవ్వ బాగానే ఉంది. వెనక ట్యాంకులో పెట్రోలూ ఉంది. ఇంజను దగ్గర గొట్టం ఊడదీసి హ్యాండిలు తిప్పితే మాత్రం చుక్క రాలేదు. నా మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

పిల్ల నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎద్దులతో బావినీళ్లు తోడే కపిలకు తోలుబానలు కుట్టడం ఆయన పని. చేతిపని రానోనికి పిల్లనియ్యనని అప్పటికే ఇద్దరిని తిప్పి పంపిన మనిషి. పెట్రోలు వెనక నుంచి ముందుకు ఎట్ల వస్తుందని అడిగినాడు. మధ్యలో పంపు ఉండి తోడుతుందని చెప్పినా.

"అయితే బాన చినిగింటది. విప్పి చూసినావా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "లేదు మామా. పంపు ఎన్నడూ విప్పలేదు" అన్నా. సిగ్గుతో చచ్చిపోయినా.

విప్పితే పెట్రోలు తోడే లోపలి పొర నిలువునా చినిగి ఉంది. ఆయన కూతురితో ఇంట్లోంచి మేకతోలు తెప్పించి, పొర కొలతకు కోసి, ఆముదం పట్టించి, బోల్టులకు బెజ్జాలు పొడిచి ఇచ్చినాడు. నేను బిగించినా. కారు లేచింది. పిల్లనిస్తాడా అంటే మాత్రం, చూద్దాంలే అన్నాడు.

వారం తిరక్కముందే ఆ తోలు చినిగింది. కొత్త పంపు మద్రాసు నుంచి రావాల. అందాక పని జరగాలని, పాతదాన్ని సంచిలో వేసుకుని మళ్లీ ఆ పల్లెకు నడిచిపోయినా.

"తోలుకొచ్చినావా, పిల్లకొచ్చినావా?" అన్నాడు మామ.

"రెండిటికీ" అన్నా.

కొత్త పంపు వచ్చినాక నా చేతులతోనే మార్చినా. మామ ఒప్పుకున్నాడు, పెండ్లికూతురిని ఆ కార్లోనే తెచ్చుకున్నా. కొన్నాళ్లకు, మీ నాయన పనితనం వారం కూడా నిలబడలేదే అని ఆమెను ఎగతాళి చేసినా. ఆమె చేట దించకుండా బియ్యం చెరుగుతానే, అటక మీద గట్టితోలు ఉన్నా ఆ రోజు కావాలనే అరిగిపోయిన ముక్క తెచ్చినానని చెప్పింది. గట్టిదిస్తే నువ్వు మళ్లీ ఎందుకొస్తావు అన్నది.

అంత పనిమంతుడు, మీ నాయన కనిపెట్టలేదా అని అడిగినా.

"చేత్తో తాకంగనే కనిపెట్టినాడు. నా మొహం చూసి, ఏమీ అనకుండా కోసినాడు."